మలయ్‌లో లెక్కపెట్టడం నేర్పిన ఎనిమిది శనివారాలు

ఉద్యోగరీత్యా కౌలాలంపూర్‌కు వచ్చిన కొత్తలో, బ్రిక్‌ఫీల్డ్స్ ప్రాంతంలో ఉన్న ఒక చిన్న భాషా శిక్షణ కేంద్రంలో, మలయ్ భాషలో సంఖ్యలూ లెక్కింపూ మాత్రమే నేర్పే తరగతిలో చేరాను. ఎనిమిది శనివారాలు, రోజుకు రెండు గంటలు, మొత్తం రుసుము 320 రింగిట్లు. సంఖ్యల కోసమే ఎనిమిది వారాలా అన్న సందేహం చేరే ముందు నాకూ కలిగింది. మొదటి రోజు ఇంటికి వచ్చేసరికి ఒకటి నుంచి లక్ష వరకు తడబడకుండా చెప్పగలిగాను కానీ, ఆ సాయంత్రమే అంగడిలో మూడు గుడ్లు సరిగా అడగలేకపోయాను. తరగతికి అన్ని వారాలు ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది.

అంకెల వరకు మలయ్ మనకు ఏ ఇబ్బందీ పెట్టదు. సతు, దువా, తిగా, ఎంపత్, లిమా, ఎనమ్, తుజుహ్, లపన్, సెంబిలన్, సెపులుహ్ అన్న పది మాటలు వస్తే చాలు, మిగిలినవి వాటంతట అవే కుదురుతాయి. పదకొండు సెబెలస్, పన్నెండు దువా బెలస్, ఇరవై దువా పులుహ్, వంద సెరతుస్, వెయ్యి సెరిబు. మన ఇరవై, ముప్పై, నలభైల మాదిరిగా ఒక్కొక్కదానికీ ఒక్కో రూపం గుర్తుపెట్టుకోవలసిన పని లేదు. అందుకే మా ఉపాధ్యాయురాలు, ఇక్కడి అలవాటు ప్రకారం మేమంతా చెగు అని పిలిచే ఆవిడ, ఈ భాగాన్ని ఒక్క రోజులో ముగించి, మిగిలిన సమయాన్ని ఆ మాటల పుట్టుక గురించి చెప్పడానికి వాడుకున్నారు. లిమా అన్న మాటకు ఈ భాషాకుటుంబపు మూలరూపంలో చెయ్యి అనే అర్థం కూడా ఉండేదట. హవాయి భాషలో ఇప్పటికీ లిమా అంటే చెయ్యే. సెంబిలన్‌లో తీసుకోవడం అనే అర్థమిచ్చే అంబిల్ ఉందని, పదిలో ఒకటి తీసివేసినది కనుక తొమ్మిది అయిందని చెప్పినప్పుడు నేను మన తొమ్మిదిని తలచుకున్నాను, ఎందుకంటే అందులోనూ పది దాగి ఉందని ద్రావిడ భాషా శాస్త్రజ్ఞులు చెబుతారు.

తెలుగువారికి అసలైన చిక్కు పెద్ద సంఖ్యల దగ్గర వస్తుంది. మనం లక్షల్లో, కోట్లలో ఆలోచిస్తాం. ఇక్కడ లక్షను సెరతుస్ రిబు, అంటే వంద వేలు, అనాలి, కోటిని సెపులుహ్ జుతా, అంటే పది మిలియన్లు, అనాలి. పాత మలయ్‌లో లక్స, కెతి అనే మాటలు కూడా ఉండేవి. అవి మన లక్ష, కోటి మాటలే అయినా విలువలు మాత్రం తగ్గిపోయాయి: లక్స పది వేలు, కెతి లక్ష. మూడో వారంలో చెగు ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో పాలెంబాంగ్ దగ్గర దొరికిన కెదుకన్ బుకిత్ శాసనం ఫోటోను తెర మీద చూపించారు. క్రీ.శ. 683లో పల్లవ లిపిలో చెక్కిన ఆ రాతి మీద శక సంవత్సరం 605 అని సున్నాతో సహా అంకెల్లో ఉంది, వెయ్యిన్ని మూడు వందల పన్నెండు మంది నడిచి వెళ్లారన్న లెక్క మలయ్ మాటల్లో ఉంది. అందులోని రాతుస్, సపులు, దువ అన్న మాటలను పదమూడు వందల ఏళ్ల తరువాత, రెండు వారాల కిందట నేర్చుకున్న మేము వేలుపెట్టి గుర్తించగలిగాం. ఆ పది నిమిషాలకే రుసుములో సగం చెల్లిపోయిందని నేను మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను.

ఈ తరగతికి ప్రాణం మాత్రం నాలుగో వారం నుంచి మొదలయ్యే భాగం. మలయ్‌లో సంఖ్యకూ వస్తువుకూ మధ్య, ఆ వస్తువు ఎటువంటిదో చెప్పే మాట ఒకటి వస్తుంది. దానిని పెంజొడొహ్ బిలాంగన్, అంటే సంఖ్యకు జోడీ కుదిర్చేది, అంటారు. మనుషులకు ఒరాంగ్, జంతువులకు తోక అని అర్థమిచ్చే ఎకొర్, ఇళ్లు, కార్లు, పుస్తకాల వంటి వాటికి పండు అని అర్థమిచ్చే బువాహ్, గుడ్ల వంటి గుండ్రని చిన్న వస్తువులకు గింజ అని అర్థమిచ్చే బిజి, పెన్సిల్ వంటి పొడవైన వాటికి బతాంగ్, కాగితానికీ గుడ్డకూ హెలాయ్, కత్తికి బిలాహ్, పువ్వుకు కుంతుమ్. ఈ పట్టికను బట్టీ పట్టించి వదిలేసే పుస్తకాలు చాలా చూశాను. చెగు పద్ధతి వేరు: బల్ల మీద నిజమైన వస్తువులు పెట్టి, చేతిలోకి తీసుకుని, ఆకారాన్ని తడిమి చూసిన తరువాతే మాట పలకమనేవారు. తెలుగువారికి ఇది కొత్త కాదని నేను రెండో గంటలో గ్రహించాను. మనం మూడు కుక్కలు అంటాం, పిల్లల విషయంలో ముగ్గురు అంటాం. ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది మంది విద్యార్థులు అంటాం. ఆ మంది చేసే పనే లపన్ ఒరాంగ్‌లో ఒరాంగ్ చేస్తుంది. ఒక్క తేడా ఏమిటంటే, మలయ్‌లో సంఖ్య వచ్చిన తరువాత పేరుకు బహువచనం అక్కరలేదు.

ఆ వారం బల్ల మీద అరటి గెల కూడా ఉంది. గెలను సెతందాన్ అని, అందులోంచి విడదీసిన ఒక్కొక్క వరుసను సెసికత్ అని అంటారు. సికత్ అంటే దువ్వెన. మనం అదే వరుసను అత్తం, అంటే చెయ్యి, అంటాం. తరగతి ముగిసిన తరువాత దారిలోని అరటిపళ్ల బండి దగ్గర ఆగి, మనం అక్కా అని పిలిచినట్టే కాక్ అని పిలిచి, సెసికత్ పిసాంగ్ అని అడిగితే ఆవిడ మారుమాట్లాడకుండా తూచి ఇచ్చింది. సున్నా సంగతి కూడా ఇటువంటిదే. ఇక్కడి వాడుకలో సున్నాకు కొసొంగ్ అంటారు, ఖాళీ అని దాని అర్థం. చక్కెర వేయని టీ తెహ్ కొసొంగ్ అయింది, ఫోన్ నంబరులోని సున్నా కూడా కొసొంగే. మన సున్నాకు మూలమైన శూన్యానికీ అదే అర్థం కనుక ఈ మాట నాకు ఒక్కసారి వినగానే పట్టుబడింది.

లోపాలు లేవని చెప్పను. అచ్చు వేసి ఇచ్చిన కాగితాల్లో మలేషియా వాడుకా ఇండోనేషియా వాడుకా గుర్తు లేకుండా కలిసిపోయాయి. ఒక పుటలో ఎనిమిదికి లపన్ ఉంటే మరొక పుటలో దెలపన్ ఉంది. గడియారం పాఠంలో ఈ నిర్లక్ష్యం నాకు గంట ఆలస్యం తెచ్చిపెట్టింది. మలేషియాలో రెండున్నరను దువా సెతెంగాహ్ అంటారు, ఇండోనేషియాలో అదే సమయాన్ని సెతెంగాహ్ తిగా అంటారు, అంటే మూడవ గంటలో సగం గడిచిందని భావం. ఇండోనేషియా సహోద్యోగి సెతెంగాహ్ తిగాకు రమ్మంటే నేను దానిని మూడున్నరగా తీసుకుని, ఆయనను గంటసేపు ఎండలో నిలబెట్టాను. అలాగే ఎనమ్‌లోని తొలి అచ్చూ ఎకొర్‌లోని తొలి అచ్చూ వేరువేరు. రాతలో రెండింటికీ ఒకే అక్షరం కనుక కాగితం మీద ఏదైనా గుర్తు పెట్టి ఉంటే మా నాలుకకు మేలు జరిగేది. తరువాతి విడత కాగితాలనైనా సరిచేయమని చెగును అడిగాను.

ఇప్పటికే అంకెలు వచ్చినవారు మొదటి శనివారం రాకపోయినా నష్టం లేదు. నాలుగో శనివారం మాత్రం మానకండి. ఆ రోజు బల్ల మీదికి అరటి గెల, గుడ్లు, కత్తి, పువ్వులు వస్తాయి, ఆ రోజు చేతితో తాకి నేర్చుకున్నవే నాకు ఈ రోజుకీ అంగడిలో పనికివస్తున్నాయి.