ప్రెస్సులో ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్: వాడి చూశాక

పర్లాకిమిడిలో మా మావయ్యకి చిన్న అచ్చు ప్రెస్సు ఉంది. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు. సగం తెలుగు, సగం ఒడియా. అక్కడి పాత డెస్క్‌టాప్‌లో ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టి, ఫైళ్లనీ ప్రింటర్‌నీ మిగతా కంప్యూటర్లకి అందించే సాంబా నడుపుతున్నాను. రెడీమేడ్ ప్యాకేజీ ఉంది, అయినా పోర్ట్స్ (ప్రోగ్రాముల్ని సోర్స్ కోడ్ నుంచి మనమే కట్టుకునే ఏర్పాటు) నుంచి కంపైల్ చేసుకోవడం నా పిచ్చి.

పోర్ట్స్‌లో మొదటిసారి మేక్ అనే కమాండ్ కొట్టగానే ఆప్షన్ల తెర వస్తుంది. కావలసినవాటికి టిక్ పెట్టి ఓకే అనాలి. ఆరోజు "ఒరే, పెళ్లివాళ్లు కూర్చున్నారు, ఎంతసేపురా?" అని మావయ్య. ఆ టెన్షన్‌లో చదవకుండానే ఎంటర్ కొట్టేశాను. ప్రింటింగ్ సంగతి చూసే కప్స్‌కి టిక్ పడలేదు. ఫైళ్లు కనిపించాయి, ప్రింటర్ కనిపించలేదు.

మేక్ క్లీన్ చేసి మళ్లీ మొదలుపెడితే ఆ తెర రానే లేదు. మేక్ డాట్ కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో కప్స్ కావాలని రాసినా అదే వరస. రెండు పూటలు కంపైల్‌కే పోయాయి.

సంగతేమిటంటే, క్లీన్ తుడిచేది పని ఫోల్డర్నే. మన టిక్కులు విడిగా, వార్ కింద డీబీ, దాని కింద పోర్ట్స్ అనే ఫోల్డర్‌లో, ఒక్కో పోర్ట్‌కి ఒక ఆప్షన్స్ ఫైలుగా ఉంటాయి. మేక్ డాట్ కాన్ఫ్‌లో మామూలుగా రాసినదానికంటే ఆ ఫైలు మాటే చెల్లుతుంది. పాత ఎంపిక దొరికిందని ఒక లైను వస్తుంది గానీ, వెనకాలే వచ్చే లైన్ల వరదలో ఎవరు చూస్తారు?

తెర మళ్లీ కావాలంటే మేక్ కాన్ఫిగ్. పాత టిక్కులు పూర్తిగా పోవాలంటే మేక్ ఆర్ఎంకాన్ఫిగ్. దాని వెనక హైఫన్, రికర్సివ్ చేరిస్తే ఆ పోర్ట్ ఆధారపడినవాటి టిక్కులు కూడా పోతాయి; అది చూసుకుని కొట్టండి.

పోర్ట్స్ ఇలా గుర్తుపెట్టుకోవడం నాకు నచ్చింది. అప్‌గ్రేడ్ చేసిన ప్రతిసారీ అవే ప్రశ్నలు అడిగితే ఎవడు భరిస్తాడు? క్లీన్ అన్న పేరే మోసం చేసింది. ఇప్పుడు కంపైల్‌కి ముందు మేక్ షోకాన్ఫిగ్ కొట్టి ఏ టిక్కులున్నాయో ఒకసారి చూసుకుంటున్నాను.

కప్స్ టిక్‌తో కట్టాక మొదట అచ్చయింది ఆ పెళ్లివాళ్ల శుభలేఖే. ఒడియా వైపు తలకిందులుగా వచ్చింది. అది సాంబా తప్పు కాదు, కాగితం పెట్టింది నేనే.