అమ్మకానికి ముస్తాబు చేసిన ఫ్లాట్: ఆరు నెలల అద్దె సామాను అనుభవం

విశాఖ ఎంవీపీ కాలనీలో మా మామగారి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఏడాది పాటు ఖాళీగా అమ్మకానికి పెట్టాం. వచ్చినవాళ్ళు వచ్చినట్టే "ఇంట్లో మాట్లాడి చెబుతామండీ" అని వెళ్ళిపోయారు. అప్పుడు మా ఆడపడుచు కొడుకు బెంగళూరులో చూసొచ్చి, "అత్తా, స్టేజింగ్ చేయిద్దాం" అన్నాడు. అమెరికాలో బార్బ్ ష్వార్జ్ అనే రియల్ ఎస్టేట్ ఏజెంటు 1972లో మొదలుపెట్టిందట. కొనేవాళ్ళ కంటికి ఆనేలా అద్దె సామానుతో ఇల్లు సర్దుతారు. నెలకి 16 వేలు, అడ్వాన్సు 40 వేలు. మూడు నెలలకని మాఘంలో పెట్టించాం. ఫ్లాట్ శ్రావణంలో అమ్ముడైంది.

లాభం ఎక్కడ జరిగిందో ముందు చెప్తాను. ఖాళీ గది చిన్నగా కనపడుతుంది. "ఇందులో డబుల్ కాట్ పడుతుందా?" అని అడగనివాళ్ళు లేరు. కాట్ వేసి, పక్కన బీరువా పెట్టి, మధ్యలో నడిచే దారి కనపడ్డాక ఆ ప్రశ్నే ఆగిపోయింది. ఫొటోలు చూసి ఫోన్లు కూడా పెరిగాయి. అన్నిటికన్నా మంచి పని బాల్కనీలో చేశారు. పాత కూలరూ అట్టపెట్టెలూ తీసేసి, ఉప్పుగాలికి మసకబారిన అద్దాలు కడిగి, రెండు పేము కుర్చీలు వేశారు. ఎదురు అపార్ట్‌మెంట్ల సందులోంచి సముద్రం ఒక గీతలా కనపడింది. ఇరవై ఏళ్ళుగా వస్తూపోతూ ఉన్నా నేనే ఎప్పుడూ గమనించలేదు.

ఇక తిప్పలు. వంటింటి పక్కనున్న దేవుడి అరని కాఫీ కార్నర్ చేశారు. మొదటి ఆదివారమే గాజువాక నుంచి వచ్చినావిడ ఇల్లంతా తిరిగి "దేవుడి గది లేదాండీ?" అంది. కాఫీ మెషీన్‌కి అడ్డంగా నిలబడి ఏం చెప్పాలో తెలీలేదు. మర్నాడే గంటల తలుపులు తిరిగి బిగించి, ఇత్తడి కుందులు పెట్టేశాను. హాల్లో ఈశాన్యం మూల పుస్తకాల బీరువా పెట్టారు. ఒక పెద్దాయన గుమ్మంలోనే ఫోన్‌లో దిక్సూచి తెరిచి, "ఈశాన్యంలో ఇంత బరువేంటి తల్లీ" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అది తీసేయగలిగే సామానని చెప్పే లోపే లిఫ్ట్ ఎక్కేశాడు. కొనేవాడికి నమ్మకం ఉందా లేదా అని మనం తేల్చక్కర్లేదు. బరువైనవి నైరుతికి జరిపితే పోయేదేముంది?

నాకు కోపం తెప్పించింది మాత్రం వాల్‌పేపర్. బెడ్‌రూమ్‌లో బాత్రూమ్ వైపు గోడకి చెమ్మ మరక ఉండేది. మేమంతా అది 2014 హుద్‌హుద్ తుపాను నాటి మరకే అనుకుంటూ వచ్చాం. వాళ్ళు దానిమీద ఆకుల డిజైను కాగితం అంటించి, వాసన తెలీకుండా లావెండర్ స్ప్రే కొట్టారు. చెమ్మవాసనా లావెండరూ కలిస్తే ఎలా ఉంటుందో పీల్చినవాళ్ళకే తెలుసు. వైశాఖం వచ్చేసరికి ఆ కాగితం ఉబ్బింది. నేవీలో పనిచేసే ఒకాయన దాన్ని బొటనవేలితో నొక్కాడు. కాగితం లోపలికి దిగి, వేలి గుర్తు అలాగే ఉండిపోయింది. ఒక్క మాట అనలేదు, సాయంత్రం ఏజెంటు చేత రెండు లక్షలు తగ్గించి చెప్పించాడు. మేం ఒప్పుకోలేదు, ఆయనా మళ్ళీ రాలేదు. కాగితం పీకి ప్లంబర్‌ని పిలిస్తే, బాత్రూమ్ గోడలో పైపు జాయింటు కారుతోందని తేలింది. రిపేరూ ప్లాస్టరింగూ రంగూ అన్నీ కలిపి ఏడు వేల లోపే అయ్యాయి. ముందే చేయించి ఉంటే స్ప్రే డబ్బులైనా మిగిలేవి.

ఆషాఢం ఇంకో దండగ. శూన్యమాసంలో ఇల్లు చూడ్డానికి ఒక్కరూ గుమ్మం తొక్కలేదు, అద్దె మాత్రం 16 వేలూ పోయింది. సామాను పెట్టించేవాళ్ళు పంచాంగం చూసి నెలలు లెక్కేసుకోండి. పుష్యం, భాద్రపదం కూడా అంతే.

చివరికి కొన్నది స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన ఆయన. సోఫా వైపు చూడనైనా చూడలేదు. కుళాయిలన్నీ తిప్పి, సంపు మూత తీయించి, కారు పార్కింగ్ అడుగులేసి కొలిచి, స్థలంలో వాటా ఎన్ని గజాలు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్టులు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) ఎప్పటినుంచి తీయించారు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు) ఏవి అని అడిగాడు. ఆ గంటసేపూ ఆయన భార్య బాల్కనీ కుర్చీలో కూర్చునే ఉంది. లేచి వచ్చి ఆయనతో ఏదో మెల్లగా అంది. ఆ తర్వాతే బేరం మొదలైంది.

మళ్ళీ అమ్మాల్సి వస్తే రెండు కాట్లు, డైనింగ్ టేబుల్, బాల్కనీ కుర్చీలు మాత్రం తెస్తాను. మిగతా డబ్బు ప్లంబర్‌కీ, కిటికీ గ్రిల్స్ తుప్పు గీకించి రంగు వేయించడానికీ పెడతాను. సామాను దించేటప్పుడే ఒక్కోదాన్నీ ఫొటో తీసి పెట్టుకోవడం మర్చిపోకండి. మేం తీయలేదు. ఇనుప కాళ్ళ లాంతరు దీపం తుప్పు పట్టిందని అడ్వాన్సులో మూడు వేలు కోసుకున్నారు. సముద్రానికి ఇంత దగ్గర ఇంట్లో ఇనుప కాళ్ళ దీపం పెట్టింది వాళ్ళే.