క్యాట్ పీకేయాలా, శుభ్రం చేయించాలా, కొత్తది వేయించాలా?

మా బావమరిదిది 2018 మోడల్ పెట్రోల్ కారు. పోయిన ఎండాకాలం దాని పికప్ పడిపోయింది. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కాలంటే సెకండ్ గేర్ వేయాల్సిందే, వెనక బస్సువాడి హారన్ వినాల్సిందే. పైగా డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు. ఆటోనగర్లో ఒక షెడ్డుకి తీసుకెళ్తే స్కానర్ పెట్టి పి0420 అనే కోడ్ చూపించారు. "క్యాట్ పోయిందండీ. కొత్తది వేస్తే చాలా అవుద్ది. పీకేసి సాదా పైపు వెల్డింగ్ కొట్టేస్తా. బండి ఫ్రీ అయిపోద్ది, మైలేజీ కూడా పెరుగుద్ది" అన్నాడట మెకానిక్. మావాడు అక్కణ్నుంచే ఫోన్: "బావా, పీకించేయనా?"

ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో ఫోన్లో చెప్పడానికి కుదరలేదు.

క్యాట్ అంటే క్యాటలిటిక్ కన్వర్టర్. సైలెన్సర్‌కి ముందు, ఇంజిన్‌కి దగ్గరగా ఉండే స్టీలు డబ్బా. లోపల తేనెపట్టు లాంటి సెరామిక్ దిమ్మ ఉంటుంది, చదరపు అంగుళానికి మామూలుగా 400 నుంచి 600 గళ్లు. ఆ గళ్ల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. డబ్బా సుమారు 300 డిగ్రీలకు వేడెక్కాక పని మొదలుపెడుతుంది: కార్బన్ మోనాక్సైడ్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా, కాలకుండా మిగిలిన పెట్రోల్ ఆవిరిని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్‌గా, నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా మార్చేస్తుంది. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు ఇది తప్పనిసరైంది. పెట్రోల్లో సీసం ఉంటే ఆ పూత పాడైపోతుంది కాబట్టి సీసం లేని పెట్రోల్ కూడా దీనితోపాటే వచ్చింది. కార్బ్యురేటర్ కాలం నాటి పాత అంబాసిడర్లకు, ప్రీమియర్ పద్మినిలకు అసలు క్యాటే లేదు, వాళ్లకు ఈ గొడవ లేదు.

మెకానిక్ మాటలో సగం నిజం ఉంది. క్యాట్ మూసుకుపోయి ఉంటే, దాన్ని తీసేసిన రోజున బండి నిజంగానే పరుగెడుతుంది. ముక్కు దిబ్బడ వదిలినట్టు ఉంటుంది. కానీ ఆ సుఖం క్యాట్ లేనందువల్ల వచ్చింది కాదు, అడ్డం తొలగినందువల్ల వచ్చింది. కొత్త క్యాట్ వేసినా అదే సుఖం. బాగున్న క్యాట్‌ని తీసేస్తే 1.2 లీటర్ల మామూలు ఇంజిన్‌లో పెరిగే పవర్ రోడ్డు మీద మీకు తెలిసేంత ఉండదు. మైలేజీ సంగతీ అంతే. క్యాట్‌కి ముందొకటి, వెనకొకటి, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సర్లు ఉంటాయి. ముందు సెన్సర్ చెప్పే లెక్కను బట్టి ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ల గాలి ఉండేలా ఇంజిన్ని నడిపే కంప్యూటర్ చూసుకుంటుంది. వెనక క్యాట్ ఉన్నా లేకపోయినా ఆ లెక్క మారదు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. పి0420 అంటే "క్యాట్ మూసుకుపోయింది" అని కాదు. "క్యాట్ సరిగా శుద్ధి చేయడం లేదు" అని. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. పొగ హాయిగా బయటకు పోతున్నా పూత అరిగిపోతే ఈ కోడ్ వస్తుంది. అంతెందుకు, వెనక సెన్సర్‌కి ముందు పైపులో చిన్న లీకు ఉన్నా వస్తుంది. పికప్ పోయిందంటే మాత్రం అనుమానం అడ్డం మీదకి వెళ్లాలి. అది తేల్చుకోవడం కష్టం కాదు. ముందు సెన్సర్ విప్పి ఆ కన్నంలో ప్రెషర్ గేజ్ బిగిస్తారు. ఐడిల్‌లో ఒకటిన్నర పీఎస్ఐ లోపు, 2500 ఆర్పీఎం దగ్గర మూడు లోపు ఉంటే అడ్డం లేనట్టే. రబ్బరు సుత్తితో డబ్బా మీద మెల్లగా కొడితే లోపల గలగలమందనుకోండి, తేనెపట్టు విరిగిపోయినట్టు. ఈ పరీక్ష చేయకుండా వెల్డింగ్ మిషన్ తీసేవాడి దగ్గర బండి పెట్టకండి.

చంపింది ఎవరు?

నాకు ఇందులో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. క్యాట్ చాలావరకు దానంతట అది చావదు, దాన్ని ఇంజిన్ చంపుతుంది. ఒక ప్లగ్గో, ఇగ్నిషన్ కాయిలో సరిగా పనిచేయక సిలిండర్ మిస్ కొడుతుంటే, అంటే అందులో పెట్రోల్ సరిగా అంటుకోకపోతుంటే, ఆ కాలని పెట్రోల్ నేరుగా క్యాట్‌లోకి పోయి అక్కడ కాలుతుంది. మామూలుగా 400 నుంచి 800 డిగ్రీల మధ్య ఉండే డబ్బా వెయ్యి దాటిపోతుంది. సుమారు 1400 దగ్గర ఆ సెరామిక్ కరిగి గళ్లు మూసుకుపోతాయి. ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే ఆయిల్లోని ఫాస్ఫరస్ పూత మీద పొరలా పేరుకుంటుంది. హెడ్ గాస్కెట్ లీకై కూలెంట్ లోపలికి పోయినా అదే గతి. కల్తీ పెట్రోల్ గురించి చెప్పక్కర్లేదు.

మావాడి బండి కూడా నాలుగైదు నెలలుగా సిగ్నల్ దగ్గర వణుకుతోంది. "ఏసీ లోడ్ బావా" అని సరిపెట్టుకున్నాడు. మూడో సిలిండర్ కాయిల్ చచ్చిపోతోందన్న సంగతి అప్పుడు స్కానర్‌లో ఎవరూ చూడలేదు. క్యాట్ పీకేసి ఉంటే బండి పరుగెత్తేది, కాయిల్ మాత్రం అలాగే ఉండేది. పెట్రోల్ పొగగొట్టంలోంచి గాల్లో కలిసేది, మైలేజీ ఇంకా పడిపోయేది.

ఇప్పుడు దారులు

పీకేసి పైపు వేయడం అన్నిటికంటే చవక, చేసిన రోజున. ఆ తర్వాత ఖర్చులు ఒక్కొక్కటే బయటకు వస్తాయి. క్యాట్ లేదు కాబట్టి వెనక సెన్సర్ ఊరుకోదు, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతూనే ఉంటుంది. అంటే ఏ లైటు ఆర్పమని షెడ్డుకి వెళ్లామో ఆ లైటు శాశ్వతమవుతుంది. దాన్ని ఆర్పడానికి సెన్సర్‌ని స్పేసర్ పెట్టి పొగకు దూరంగా జరుపుతారు, లేదా కంప్యూటర్‌ని రీమ్యాప్ చేస్తారు, అంటే దాని సాఫ్ట్‌వేర్ మారుస్తారు. దానికి మళ్లీ డబ్బు. ఎగ్జాస్ట్ చప్పుడు బొంగురుపోతుంది, హైవే మీద గంటసేపు వింటే తలనొప్పి. సిగ్నల్ దగ్గర అద్దం దించితే పచ్చి పెట్రోల్ వాసన. ఇక అపార్ట్‌మెంట్ సెల్లార్లో పొద్దున్నే ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఉంచే అలవాటున్నవాళ్లు ఒకటి ఆలోచించాలి: కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. పక్కన స్కూలు వ్యాన్ కోసం నిలబడ్డ పిల్లలకి అది తెలియదు.

దీనికి ఒక తమ్ముడు ఉన్నాడు. డబ్బా కోసి, లోపలి తేనెపట్టు పొడిచి తీసేసి, ఖాళీ డబ్బాని మళ్లీ వెల్డ్ చేస్తారు. బయటినుంచి చూస్తే క్యాట్ ఉన్నట్టే ఉంటుంది. నా లెక్కలో ఇది పైపు కంటే అధ్వానం. ఖాళీ డబ్బాలో పొగ సుడి తిరుగుతుంది, సాఫీగా పోదు. పొడిచే కుర్రాడు ముక్కుకి గుడ్డ కూడా లేకుండా ఆ సెరామిక్ దుమ్ము పీలుస్తాడు.

శుభ్రం చేయడానికి ట్యాంకులో పోసే ద్రావణాలు అమ్ముతారు. ఊళ్లోనే తిరిగి తిరిగి కాస్త మసి పట్టిన బండికి అవి కొంత పనిచేయొచ్చు. ఆ మాటకొస్తే హైదరాబాద్ హైవే మీద ఒక గంట, ఒక గేర్ తక్కువలో కొంచెం ఎక్కువ ఆర్పీఎం మీద నడిపినా ఆ మసి కాలిపోతుంది, ఇది ఉచితం. కరిగిన సెరామిక్‌ని, విషమెక్కిన పూతని ఏ సీసా బాగుచేయదు.

కొత్తది వేయించడంలో రెండు రకాలు. కంపెనీ ఒరిజినల్ ఖరీదు గుండె ఆపేలా ఉంటుంది, అందులో ఉన్నవి బంగారంతో పోటీపడే లోహాలు మరి. బయటి కంపెనీవి చాలా తక్కువకు దొరుకుతాయి, కానీ వాటిలో పూత తక్కువ వేస్తారు కాబట్టి అంత కాలం రావు. బండిని ఇంకా ఎనిమిదేళ్లు వాడే ఉద్దేశం ఉంటే ఒరిజినల్, రెండు మూడేళ్లలో అమ్మేసేవాళ్లకి బయటిది. కొనేటప్పుడు మీ బండి ఏ కాలుష్య ప్రమాణానిదో, అంటే బీఎస్-4నో బీఎస్-6నో చెప్పి దానికి తగ్గదే అడగండి.

200 గళ్ల స్పోర్ట్స్ క్యాట్ అని ఇంకోటి ఉంది. టర్బో కారుకి రీమ్యాప్ చేయించి పవర్ పెంచుకునేవాళ్ల సరదా అది. మామూలు మారుతికి దండగ.

డీజిల్ బీఎస్-6 బండ్లలో డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, పీకేయడం గురించి కూడా ఇదే ప్రశ్న వస్తుంటుంది. అది రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే డీజిల్ బండి సమస్య. దాని కథ వేరు, జవాబు మాత్రం ఇదే: పీకేయకండి.

చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణ తర్వాత 182ఎ కింద అలాంటి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. గాలి కాలుష్యానికి 190(2) కింద మొదటిసారి 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడొచ్చు, మూడు నెలలు లైసెన్సు కూడా పోతుంది. పొల్యూషన్ పరీక్షలో బీఎస్-4 పెట్రోల్ కారుకి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. క్యాట్ లేని బండి నిజాయితీగా పరీక్షిస్తే అందులో నెగ్గడం కష్టం. నిజాయితీగా అని ఎందుకన్నానంటే, పరీక్ష గొట్టం పెట్టకుండానే సర్టిఫికెట్ చేతిలో పెట్టే చోట్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం బండిని ఫిట్‌నెస్ పరీక్షకి పెట్టాల్సిన రోజొకటి వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి తెలివైనవాడు వచ్చి బండి కిందికి వంగి చూసినా బేరం అక్కడే ఆగుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ ప్రశ్న తలకిందులుగా ఎదురైంది. అక్కడ క్యాట్‌ని దొంగలే పీకేస్తారు. 2021లో రోడియం ధర ఔన్సుకి 20,000 డాలర్లు దాటినప్పుడు టయోటా ప్రియస్ కార్ల కింద దొంగల రంపాలు ఆడాయి. అక్కడైతే క్యాట్‌కి ఫెడరల్ చట్టం ప్రకారం 8 ఏళ్లు లేదా 80,000 మైళ్ల వారంటీ ఉంటుంది. జేబులోంచి కట్టే ముందు అది చూసుకోవాలి.

ఈ దొంగల సంగతి చెప్పగానే మావాడికి లైటు వెలిగింది. "అయితే బావా, పీకిన పాతది ఆ మెకానిక్ ఏం చేస్తాడు?" అదీ అడగాల్సిన ప్రశ్న. పనిచేయని క్యాట్‌లో కూడా ప్లాటినం, పల్లాడియం చాలావరకు అలాగే ఉంటాయి. తుక్కు వ్యాపారులు వాటిని విడిగా, మంచి ధరకే కొంటారు.

ఇంకో షెడ్డులో గేజ్ పెట్టించాం. 2500 దగ్గర ఆరు పీఎస్ఐ. అడ్డం ఉన్న మాట నిజమే. ముందు కాయిల్, నాలుగు ప్లగ్గులు మార్పించి వారం నడిపి, మిస్ కొట్టడం లేదని తేలాక బయటి కంపెనీ క్యాట్ వేయించాం. లైటు ఆరిపోయింది, ఫ్లైఓవర్ మూడో గేర్లోనే ఎక్కుతోంది. బిల్లు కడుతుంటే షెడ్డాయన అడిగాడు: "ఆ పాత డబ్బా ఇక్కడే వదిలేయండి, లేబర్ తగ్గిస్తాను." మావాడు దాన్ని గోనెసంచిలో చుట్టి డిక్కీలో పెట్టుకున్నాడు.