నొప్పులకి ‘విజయ తైలం’ అని వాట్సాప్‌లో అమ్ముతున్నవాళ్ళ దగ్గర కొనకండి, ఉద్దానం వాళ్ళు మరీ జాగ్రత్త

ఆ ఆకుపచ్చ సీసా వాళ్ళ గురించే. విజయ అంటే ఆయుర్వేదంలో గంజాయి మొక్కకి పేరు. పలాస, సోంపేట, కవిటి గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి పేరు చెప్పక్కర్లేదు. పొద్దున్నే ‘నొప్పి మాత్రలు మానేయండి, కిడ్నీకి హాని లేని విజయ తైలం’ అని ఫోటో పెడతారే, వాళ్ళే. నిన్న రాత్రి మా అమ్మని ఆటోలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇప్పుడు కోలుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు, బీపీ. కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ పెరగడంతో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ముట్టుకోవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మన ఉద్దానంలో ఏ వీధికెళ్ళినా ఇదే పరిస్థితి. నొప్పి ఉంటుంది, మాత్ర వేసుకోకూడదు. వాళ్ళు ఎర వేసేది సరిగ్గా ఇక్కడే. ఫోన్లో ‘సార్, అమ్మగారికి ఇది మత్తు కాదు సార్, ఆకు నుంచి తీసిన ఆయుర్వేదం’ అని ఎంతో మర్యాదగా చెప్పాడు. అమ్మ వయసు, వేసుకుంటున్న మాత్రలు, ఏదీ అడగలేదు.

రాత్రి భోజనమయ్యాక వాడు చెప్పినట్టే అర డ్రాపరు వేశాం. అరగంటైనా నొప్పి అలాగే ఉందని ఫోన్ చేస్తే, ‘ఇంకో అర డ్రాపరు వేసేయండి సార్, ఏం కాదు’ అన్నాడు. గంజాయి సారం మింగినప్పుడు దాని ప్రభావం మొదలవడానికే అరగంట నుంచి రెండు గంటల దాకా పడుతుంది, ఎక్కాక గంటల తరబడి దిగదు. మొదటిది పనిచేయలేదని రెండోది వేస్తే రెండూ కలిసి ఒకేసారి ఎక్కుతాయి. ఈ సరుకు అమ్మేవాడికి తెలియాల్సిన మొట్టమొదటి సంగతి ఇది.

అలాగే ఎక్కింది. ‘ఏటైపోతంది రా నాకు, మంచం తిరిగిపోతంది’ అంది. నోరు పిడచకట్టుకుపోయింది, గుండె దడ. బాత్రూమ్‌కని లేచి గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడిపోయింది. ‘ఆవుని కట్టీసినారా, ఆవుని కట్టీసినారా’ అని అడుగుతూనే ఉంది. మా ఇంట్లో ఆవు లేక ఏళ్ళయింది. డ్యూటీ డాక్టరుగారు కళ్ళలోకి లైటు వేసి చూసి మొదట అడిగిన మాట ‘ఏం పట్టించారు?’ అని. సీసా చేతిలో పెట్టాను. గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ నిలబడగానే బీపీ పడిపోయేలా చేస్తుందని, బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళకి మరీ ప్రమాదమని, పడినప్పుడు తుంటి విరగనందుకు సంతోషించమని చెప్పారు. ఇందులో టీహెచ్‌సీ ఎంతుందో కనుక్కోమన్నారు.

వరండాలోకొచ్చి వాడికి ఫోన్ చేశాను. అమ్మ పడిపోయింది, డాక్టరుగారు అడుగుతున్నారు, ల్యాబ్ రిపోర్టు పంపండి అన్నాను. ‘పడుకుందా?’ అన్నాడు. పడుకుందన్నాను. ‘మరింకేం, నొప్పి తెలీడం లేదుగా’ అన్నాడు. రిపోర్టు కావాలని మళ్ళీ అడిగాను. అప్పటిదాకా సార్ సార్ అన్నవాడు ఒక్కసారిగా నువ్వులోకి దిగాడు. ‘రిపోర్టెందుకు, కేసు పెడతావా? పార్శిల్ నీ పేరు మీద వచ్చింది, డబ్బులు నీ ఫోన్ నుంచి పడ్డాయి. స్టేషన్‌కెళ్తే ముందు కూర్చోబెట్టేది నిన్నే. పో, చెప్పుకో.’ ఫోన్ పెట్టేశాడు, నంబరు బ్లాక్ చేశాడు. లోపల మా అమ్మ సెలైన్ ఎక్కుతూ పడుకుని ఉంది. డబ్బు పోతే పోయింది, ఈ మాట మాత్రం నేను చచ్చేదాకా మరిచిపోను.

సీసా మీద 3000 ఎంజీ అని పెద్ద అక్షరాలతో ఉంది. 30 ఎంఎల్ సీసా కాబట్టి ఎంఎల్‌కి 100 ఎంజీ. ఏమిటి ఆ 100? ‘ఎక్స్‌ట్రాక్ట్’ అని ఉంది, అంతే. అందులో టీహెచ్‌సీ ఎంత, గంజాయిలోనే ఉండే, మత్తివ్వని సీబీడీ ఎంత అన్నది ఎక్కడా లేదు. రెండు అర డ్రాపర్లంటే ఒక ఎంఎల్, అంటే అమ్మ కడుపులోకి 100 ఎంజీ సారం వెళ్ళింది. అందులో అయిదో వంతు టీహెచ్‌సీ అనుకున్నా 20 ఎంజీ. గంజాయి చట్టబద్ధంగా అమ్మే అమెరికాలోని కొలరాడోలో కూడా తినే సరుకులో ఒక మోతాదుకి 10 ఎంజీ దాటకూడదు. సీబీడీ ఒక్కటే వేరుచేస్తే ఐసొలేట్ అంటారు, మొక్కలోనివన్నీ టీహెచ్‌సీతో సహా ఉంటే ఫుల్ స్పెక్ట్రమ్. వీళ్ళ సీసా మీద ‘ఫుల్ స్పెక్ట్రమ్’ అని బంగారు రంగులో, ఏదో గొప్ప లక్షణంలా వేశారు. ఫోన్లో మాత్రం మత్తు లేదన్నారు. తయారీ లైసెన్స్ నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు.

ఇంకోటి, ‘అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం’ అని కూడా పెడుతున్నారు. ఎఫ్‌డీఏ అంటే అక్కడ మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ. 2018లో ఎఫ్‌డీఏ ఆమోదించింది శుద్ధిచేసిన సీబీడీ మందుని, అదీ పిల్లల్లో వచ్చే అరుదైన మూర్ఛలకి. మోకాళ్ళకీ దానికీ సంబంధం లేదు, ఈ సీసాకి అసలే లేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి, వాడు బెదిరించేది దాంతోనే కాబట్టి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల) చట్టం ప్రకారం పూత కొమ్మలు గంజాయి, జిగురూ దాన్నుంచి తీసిన హాషిష్ ఆయిలూ చరస్ కిందికి వస్తాయి. పూత కలవని ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. అందుకే ఆకు నుంచి చేసిన ఆయుర్వేద మందులకి ఆయుష్ లైసెన్స్ ఇస్తారు, వాటి మీద వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండి తీరాలి. లైసెన్స్ లేని సీసాలో ఉన్నది ఆకు సారమో, ఏజెన్సీ నుంచి దిగిన లిక్విడ్ గంజాయో మీకూ నాకూ చూస్తే తెలియదు. రెండోదైతే ఇంట్లో ఉంచుకోవడమే నేరం.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు ఉంటే ఈ ఒక్క ముక్క వాళ్ళకి తప్పకుండా చెప్పండి: పెట్టిన కిడ్నీని ఒళ్ళు తిరస్కరించకుండా వేసుకునే టాక్రోలిమస్ మందు సీబీడీ వల్ల రక్తంలో పెరిగిపోతుంది. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్ళకీ ఇదే ఇబ్బంది. మీ డాక్టరుగారిని అడక్కుండా ఒక్క చుక్క కూడా వద్దు.

ఎవరైనా ఆయుర్వేద డాక్టరు నిజంగా ఇలాంటిది రాస్తే లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఆ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టులో టీహెచ్‌సీ, సీబీడీ విడివిడిగా చూసి తీసుకోండి. డాక్టరు చీటీ లేకుండా పంపేవాడి దగ్గర వద్దు.

వాడు వెళ్ళలేననుకున్న స్టేషన్‌కి ఇవాళ పొద్దున్న వెళ్ళాను. సీసా, పార్శిల్ కవరు, చాటింగ్ ప్రింట్లు, ఆసుపత్రి చీటీ ఇచ్చి రసీదు తీసుకున్నాను. రాష్ట్రంలో గంజాయి, డ్రగ్స్ మీద పనిచేసే పోలీసు విభాగం ఈగల్ వాళ్ళ నంబరు 1972, దానికీ చెప్పాను. వీళ్ళ దగ్గర తెప్పించినవాళ్ళు ఉంటే ఈ రాత్రి ఇంట్లో పెద్దవాళ్ళకి వేయకండి. సీసా పారబోయకండి, చాటింగ్ తీసేయకండి. డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ నాకు పంపితే ఫిర్యాదుకి జత చేయమని ఎస్సైగారిని అడుగుతాను.