గీథోర్నా, మిడెన్‌బేమ్‌స్టరా? డచ్ పల్లె చూడాలంటే ఏది మేలు

నెదర్లాండ్స్‌లో పల్లెటూరు చూడాలంటే మనవాళ్లు ఠక్కున చెప్పే పేరు గీథోర్న్. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు నేనూ ముందు అక్కడికే తీసుకెళ్లాను, నాలుగు రోజులాగి మిడెన్‌బేమ్‌స్టర్‌కి వెళ్లాం.

గీథోర్న్ అందానికి వంక పెట్టలేం. పొయ్యిలోకి పనికొచ్చే పీట్ మట్టిని తవ్వి అమ్ముకుని బతికిన ఊరది, తవ్విన చోట్ల నీళ్లు నిలిచి చెరువులయ్యాయి, సరుకు మోసిన కాలవలే వీధులయ్యాయి. ఒకప్పుడు గడ్డి, ఆవులూ కూడా పడవలోనే వెళ్లేవి. ఇప్పుడు పడవల నిండా మనలాంటి టూరిస్టులే. వేసవి ఆదివారం వెళ్లి తప్పు చేశాం, మా పడవ మూడుసార్లు గుద్దుకుంది. అమ్మ మాత్రం ఆ గడ్డికప్పు ఇళ్లు చూసి మురిసిపోయింది.

మిడెన్‌బేమ్‌స్టర్‌లో ఫొటోలకి పెద్దగా ఏమీ దొరకదు. 1612లో గాలిమరలతో సరస్సు మొత్తం తోడేసి తేల్చిన నేల అది, సముద్రమట్టానికి 3 మీటర్లకు పైగా కిందే ఉంటుంది. రోడ్లూ కాలవలూ గళ్ల నోటుబుక్కులో స్కేలు పెట్టి గీసినట్టుంటాయి, అందుకే 1999లో యునెస్కో జాబితాకెక్కింది. పాత ఇళ్లు స్టోల్ప్ అనే రకం: పిరమిడ్ లాంటి ఒకే కప్పు, నడిమధ్యలో గడ్డివామి, చుట్టూ ఆవులూ మనుషులూ. నాన్న గోదావరి డెల్టా రైతు, కాలవగట్టు మీద అరగంట నిలబడిపోయారు. “మనం చేలోకి నీళ్లు రావాలని కొట్టుకుంటాం, వీళ్లు బయటికి తోడటానికి పన్ను కడతారా?” అన్నారు. నిజంగానే కడతారు. నీళ్ల లెక్క చూసే వాటర్‌స్ఖాప్ అని వేరే బోర్డుంది, దానికి నాలుగేళ్లకోసారి ఎన్నికలు కూడా.

పిల్లలతో వెళ్తే గీథోర్నే నయం, మిడెన్‌బేమ్‌స్టర్‌లో గంటలో బోర్ అంటారు, పైగా వసంతంలో చేలకి పేడనీళ్లు పెట్టే రోజుల్లో ఆ వాసన తట్టుకోవాలి. కానీ ఒక్కరోజే టైముండి, ఊరు ఎలా బతుకుతుందో చూడాలనుకుంటే మాత్రం నా ఓటు మిడెన్‌బేమ్‌స్టర్‌కే. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి దగ్గర కూడా, గీథోర్న్‌కైతే రైలూ బస్సూ మారి వెళ్లాలి.

వచ్చేదారిలో ఒక ఇంటి ముందు చిన్న బల్ల మీద గుడ్లు, పక్కన డబ్బుల డబ్బా, మనిషి జాడ లేదు. డబ్బులు వేసి తీసుకుందాం అన్నా నాన్న వినలేదు, ఎవరో ఒకరు రాకపోతారా అని పది నిమిషాలు అక్కడే నిలబడ్డారు.