అసాసిన్స్ క్రీడ్ షాడోస్: ఆట కొనొచ్చు, కంపెనీ గురించే నా బెంగ

పీఎస్5 (సోనీ గేమ్ కన్సోల్) ఉన్నవాళ్లు యూబీసాఫ్ట్ కంపెనీ చేసిన ఈ వీడియో గేమ్ షాడోస్ తప్పకుండా ఆడండి. కొత్త డిస్క్ ఖరీదు ఎక్కువే, విజయవాడలో ఆడేసిన డిస్కులు అమ్మేవాళ్లు మీకు తెలిసుంటే ముందు అక్కడ అడగండి.

కథ పదహారో శతాబ్దపు జపాన్‌లో జరుగుతుంది. రెండు పాత్రలతో ఆడొచ్చు: ఇగా ప్రాంతపు నావొయె, ఆఫ్రికా నుంచి వచ్చి సమురాయ్ అయిన యాసుకే. నాకైతే నావొయెనే ఇష్టం. రాత్రిపూట కోటలోకి దూరి, దీపాలు ఒక్కొక్కటీ ఆర్పేసుకుంటూ, నేల మీద పాకుతూ కాపలావాళ్ల పక్కనుంచే జారుకుంటుంటే ఉండే టెన్షన్ ఈ సిరీస్‌లో నాకు ఇంకెక్కడా దొరకలేదు. రుతువులు మారితే ఆటా మారుతుంది. ఎండాకాలం చెరువులో మునిగి, వెదురు గొట్టంతో ఊపిరి తీసుకుంటూ దాక్కున్న చోటే చలికాలం వచ్చేసరికి నీళ్లు గడ్డకట్టి ఉంటాయి, మళ్లీ కొత్త దారి వెతుక్కోవాలి. ఎంత శ్రద్ధగా చేశారో!

విసుగు పుట్టేది కోటల దగ్గరే. ఏ కోటకి వెళ్లినా అక్కడున్న పెద్ద సమురాయ్‌లందర్నీ చంపితేనే అక్కడి నిధి పెట్టె తెరుచుకుంటుంది, సగం ఆట అయ్యేసరికి ఇదే పని.

ఇంత పనితనం ఉన్న యూబీసాఫ్ట్ డబ్బుకి ఇబ్బంది పడుతోందంటే బాధేస్తుంది. 1986లో ఫ్రాన్స్‌లో గీయెమో అన్నదమ్ములు పెట్టిన కంపెనీ ఇది. 2024లో వీళ్ల ఇంకో ఆట స్టార్ వార్స్ అవుట్‌లాస్ అనుకున్నంతగా అమ్ముడుపోలేదు, షాడోస్ రెండుసార్లు వాయిదా పడి 2025 మార్చి 20న వచ్చింది. సరిగ్గా వారానికి చైనా టెక్, గేమ్స్ కంపెనీ టెన్సెంట్‌తో ఒప్పందం బయటికొచ్చింది: టెన్సెంట్ 116 కోట్ల యూరోలు పెడితే, అసాసిన్స్ క్రీడ్, ఫార్ క్రై, రెయిన్‌బో సిక్స్ ఆటల సిరీస్‌లు చూసుకునే యూబీసాఫ్ట్ కొత్త సంస్థలో దానికి దాదాపు పాతిక శాతం వాటా. టెన్సెంట్ 2018 నుంచే యూబీసాఫ్ట్‌లో వాటాదారు, 2022లో గీయెమో కుటుంబ సంస్థలో కూడా డబ్బు పెట్టింది.

డబ్బు రావడం మంచిదే, ఉద్యోగాలు నిలబడాలి కదా. కానీ అదంతా ఆ మూడు పేర్ల చుట్టూనే తిరిగితే మిగతా ఆటల గతేంటి? 2024 జనవరిలో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది లాస్ట్ క్రౌన్ ఎంత బాగుంటుందో ఆడినవాళ్లకి తెలుసు, మంచి రివ్యూలొచ్చినా దాని టీమ్‌ని ఆ ఏడాదే చెదరగొట్టి వేరే పనుల్లో వేశారు. ఈ ఒప్పందానికి ముందే అలా ఉంటే, ఇప్పుడు చిన్న ఆట చేస్తామని అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

అందుకే షాడోస్‌తో పాటు లాస్ట్ క్రౌన్ కనిపిస్తే అదీ తీసుకోండి. షాడోస్‌లో ఇమ్మర్సివ్ మోడ్ పెట్టుకోండి, జపనీస్ మాటల్లోనే వినాలి ఈ కథ.