అప్పును తలచుకోవద్దన్న తరగతి: ఆరు ఆదివారాల శిక్షణపై సమీక్ష

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌కు నడక దూరంలో, రెండో అంతస్తులోని ఒక హాలులో, ఆరు ఆదివారాల పాటు జరిగిన వ్యక్తిత్వ వికాస తరగతికి నేను హాజరయ్యాను. రుసుము 9,000 రూపాయలు; దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 10,620 రూపాయలు ముందుగానే కట్టించుకున్నారు. చదువు కోసం చేసిన అప్పు, సానుకూల ఆలోచన, ఒంటరితనం, అనుబంధాలు అనే నాలుగు విషయాలపై యువతకు మార్గదర్శనం చేస్తామని కరపత్రంలో ఉంది. ఇలాంటి తరగతులు నగరంలో చాలా నడుస్తున్నాయి, నేను చెప్పదలచింది బోధించిన పద్ధతి గురించి. కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు.

నేను ఎందుకు చేరానో చెబితే తప్ప నా అభిప్రాయానికి విలువ కట్టడం మీకు కష్టమవుతుంది. మాది నరసరావుపేట దగ్గర ఒక పల్లె. హైదరాబాద్‌లో ఎంబీఏ చదవడానికి నాన్నను సహ రుణగ్రహీతగా పెట్టి నాలుగు లక్షల విద్యారుణం తీసుకున్నాను. చదువు పూర్తయిన ఎనిమిది నెలలకు మాదాపూర్‌లో చిన్న ఉద్యోగం దొరికింది. మూడు షేరింగ్ గదిలో ఉంటూ, గదిలో ఇద్దరు మనుషులు ఉన్నా రోజంతా ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడకుండా పడుకున్న రాత్రులు ఎన్నో ఉన్నాయి. ఈఎంఐ మొదలయ్యే నెల దగ్గర పడుతున్నకొద్దీ నిద్ర పట్టడం మానేసింది. అప్పు, ఒంటరితనం రెండూ ఒకే కరపత్రంలో కనిపించేసరికి, నా గురించే రాశారనిపించి డబ్బు కట్టేశాను.

మొదటి ఆదివారం పరిచయాలతో గడిచింది. దాదాపు నలభై మందిమి ఉన్నాం, అందరూ పాతికేళ్లకు అటూ ఇటూ వయసువాళ్లు. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఏసీ పనిచేయలేదన్నది తప్ప ఏర్పాట్లలో చెప్పుకోవలసిన లోపం లేదు.

రెండో ఆదివారం విషయం చదువు అప్పు. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఆ రోజే. మాకందరికీ ఆకుపచ్చ అట్ట ఉన్న నోటు పుస్తకాలు ఇచ్చి, రోజూ ఉదయం లేవగానే ‘నేను అప్పు లేని మనిషిని’ అని ఇరవై ఒక్కసారి రాయమన్నారు. అప్పు గురించి ఎంత తలచుకుంటే అది అంత పెరుగుతుందని, బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే ఉదయం పూట తెరవవద్దని, తెరిస్తే ఆ రోజంతా పాడవుతుందని శిక్షకుడు చెప్పారు. వడ్డీ అనే మాట మూడు గంటల్లో ఒక్కసారి కూడా వినిపించలేదు. మన పెద్దవాళ్లు అప్పును నిప్పుతో పోల్చారు. నిప్పు వైపు చూడకుండా కూర్చుంటే అది ఆరిపోదు కదా.

నా పక్క కుర్చీలో వరంగల్ వైపు నుంచి వచ్చిన అబ్బాయి కూర్చున్నాడు. టీ విరామంలో మాట్లాడుతుంటే, అతను రెండు నెలలుగా ఈఎంఐ కట్టలేదని, మూడోది కూడా వచ్చే వారం తప్పిపోతుందని తెలిసింది. వాయిదా తొంభై రోజులు దాటి బకాయి పడితే బ్యాంకు ఆ ఖాతాను నిరర్థక ఆస్తిగా, అంటే మొండి బకాయిగా లెక్కిస్తుందని, అప్పులు ఎలా తీరుస్తున్నామో చూసి ఇచ్చే సిబిల్ స్కోరు అప్పటికే దెబ్బ తింటుందని, విద్యారుణంలో సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన తండ్రి స్కోరుకు కూడా అదే దెబ్బ తగులుతుందని అతనికి తెలియదు. వచ్చే సీజనులో ఆ తండ్రి ఇంకేదైనా అప్పు కోసం బ్యాంకుకు వెళితే కొడుకు తప్పిన వాయిదాలు అక్కడ కనిపిస్తాయి. ఇలాంటి అబ్బాయికి మెసేజ్‌లు తెరవవద్దని చెప్పడం సలహా కాదు, హాని.

ఆ మూడు గంటల్లో వాళ్లు చెప్పవలసినవి ఏమిటో నేను తరువాత ఒక వారం పాటు కాగితాలు ముందేసుకుని తెలుసుకున్నాను. నా లెక్కే చెబుతాను. ఆరు నెలలకొక లక్ష చొప్పున నాలుగు విడతల్లో డబ్బు కాలేజీకి వెళ్లింది. వడ్డీ 10 శాతం. రెండేళ్ల చదువు, ఆ తరువాత వాయిదాలు కట్టనక్కరలేని ఒక ఏడాది మారటోరియం, మొత్తం మూడేళ్లూ బారువడ్డీ నడిచి 90,000 రూపాయలైంది. వాయిదాలు మొదలయ్యేటప్పుడు ఆ వడ్డీ కూడా అసలులో కలుస్తుంది కాబట్టి నేను తీర్చవలసింది 4,90,000. దీన్ని పదేళ్లలో తీరిస్తే నెలకు 6,475 రూపాయలు, పదిహేనేళ్లకు పెట్టుకుంటే 5,266 రూపాయలు. నెలకు పన్నెండు వందలు తగ్గుతున్నాయని సంతోషించి పదిహేనేళ్లకు సంతకం పెడితే మొత్తం మీద సుమారు 1,71,000 రూపాయలు ఎక్కువ కడతాం. ఈ ఒక్క లెక్క నల్లబల్ల మీద వేసి చూపించి ఉంటే, నలభై మందిలో కనీసం పది మంది ఆ సాయంత్రమే తమ రుణపత్రం బయటికి తీసి చూసుకునేవాళ్లు.

ఇంకా ఉన్నాయి. చదువుకునే కాలంలోనూ మారటోరియంలోనూ వడ్డీని ఎప్పటికప్పుడు కట్టేస్తే వడ్డీ రేటులో ఒక శాతం వరకు తగ్గింపు ఇవ్వవచ్చని బ్యాంకుల సంఘమైన ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ విద్యారుణ నమూనా పథకంలో ఉంది. ఉద్యోగం లేని కాలానికి వాయిదాల నుంచి కొంత గడువు ఇచ్చే వెసులుబాటు కూడా అందులో ఉంది. అయితే అది మనం బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా అడిగితేనే వచ్చే మాట. కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షలు దాటని విద్యార్థులు గుర్తింపు ఉన్న సంస్థల్లో వృత్తి, సాంకేతిక కోర్సులు చదివితే చదువు కాలపు, మారటోరియం కాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించే పథకం ఒకటి ఉంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి హామీదారు, తాకట్టు లేకుండా రుణం దొరుకుతుంది. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉన్నవాళ్లకు విద్యారుణంపై కట్టిన వడ్డీకి ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉంది. వసూలు ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తరువాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టం చేసింది. బ్యాంకుకు చేసిన ఫిర్యాదుకు ముప్పై రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. భయపడుతున్న మనిషికి కావలసిన ధైర్యం వీటిలో ఉంది.

మూడో ఆదివారం సానుకూల ఆలోచన గురించి. ఆ శిక్షకుడు మంచి వక్త. రెండు గంటలు కదలకుండా విన్నాం. ఆయన మాటల్లో నిజాయితీ ఉందని కూడా నేను నమ్ముతాను. కానీ మనసును గట్టిపరచుకోవడం వేరు, లేనిది ఉన్నట్టు పదే పదే చెప్పుకోవడం వేరు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన జోఆన్ వుడ్, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన పరిశోధనలో, తమ మీద తమకు గౌరవం తక్కువగా ఉన్నవాళ్లు తమ గురించి గొప్ప వాక్యాలు చెప్పుకున్నప్పుడు మనసు తేలికపడకపోగా ఇంకా కుంగిందని తేలింది. గాబ్రియేల్ ఓటింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉద్యోగం కోసం చూస్తున్న పట్టభద్రులను గమనించినప్పుడు, మంచి ఉద్యోగం వచ్చేసినట్టు ఎక్కువగా ఊహించుకున్నవాళ్లు తక్కువ దరఖాస్తులు పెట్టారు, వాళ్లకు తక్కువ అవకాశాలు వచ్చాయి. ఉద్యోగం దొరుకుతుందన్న నమ్మకం ఉన్నవాళ్లకు మాత్రం మేలే జరిగింది. నమ్మకానికీ ఊహకూ ఉన్న ఈ తేడాను మా తరగతిలో ఎవరూ చెప్పలేదు. నేను ఆకుపచ్చ నోటు పుస్తకంలో తొమ్మిది రోజులు రాశాను. పదో రోజున ‘అప్పు లేని’ అని రాస్తుండగా కలం ఆగిపోయింది. అబద్ధం రాస్తున్నానన్న బాధ తప్ప ఇంకేమీ మిగలలేదు.

నాలుగో ఆదివారం గురించి మాత్రం మనస్ఫూర్తిగా మంచి మాటే చెప్పాలి. ఆ రోజు వచ్చిన మేడమ్ ఉపన్యాసం ఇవ్వలేదు. ఫోన్లు తీయమని, గత నెలలో వచ్చిన, చేసిన ఫోన్లన్నీ చూడమని, అందులో డెలివరీవాళ్లు, ఆఫీసు, బ్యాంకు తీసేసి మిగిలినవి లెక్కపెట్టమన్నారు. నాకు పద్నాలుగు మిగిలాయి. అందులో పదకొండు అమ్మవి. ఒక్కొక్కటి ఎంతసేపు మాట్లాడామో చూడమన్నారు. పదకొండులో తొమ్మిది రెండు నిమిషాల లోపే ఉన్నాయి. “తిన్నావా?” “తిన్నాను.” “ఆరోగ్యం బాగుందా?” “బాగుంది.” “సరే, ఉంటానమ్మా.” ఆ తెర వైపు చూస్తూ కూర్చున్నప్పుడు నాకు విషయం తెలిసింది. అమ్మతో మాట ముందుకు సాగితే నాన్న ఫోన్ తీసుకుంటారు, నాన్న తీసుకుంటే లోన్ సంగతి అడుగుతారు, అందుకని నేనే ప్రతిసారీ ముందుగా ఫోన్ పెట్టేస్తున్నాను. అప్పు గురించి మాట్లాడకుండా తప్పించుకోవడానికి ఇంటితో మాట్లాడడమే తగ్గించుకున్నాను. గదిలో ఉన్న ఇద్దరమ్మాయిలతోనూ అంతే. జీతం మాట వస్తుందేమోనని భోజనానికి కలిసి కూర్చోవడం మానేశాను.

మేడమ్ మాకు ఇచ్చిన పని చాలా చిన్నది. ఆ వారంలో ఒక్కరికి, మనం దాస్తున్న ఒక్క విషయం, పరిష్కారం అడగకుండా చెప్పాలి. ఆ రాత్రి నేను నాన్నకు ఫోన్ చేసి, ఈఎంఐ 6,475 అని, అంత కట్టడం కష్టంగా ఉంటుందేమోనని భయంగా ఉందని చెప్పాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, “నాకు చెప్పకుండా ఇన్నాళ్లు ఒక్కదానివే మోశావా తల్లీ” అన్నారు. ఆ ఫోన్ నలభై ఒక్క నిమిషాలు సాగింది. డబ్బు సమస్య అలాగే ఉంది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టింది.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025లో చెప్పింది. కారణాలు ఎన్నో ఉండవచ్చు, కానీ మా హాలులో ఉన్నవాళ్లలో చాలామందికి నోరు కట్టేసింది అప్పే అని నా నమ్మకం. రెండో ఆదివారం అప్పును తలచుకోవద్దన్నారు, నాలుగో ఆదివారం దాస్తున్నది బయటికి చెప్పమన్నారు. రెండూ ఒకే నోటు పుస్తకంలో పక్కపక్కనే రాసుకున్నాం. వాటి మధ్య ఉన్న వైరుధ్యం నిర్వాహకుల దృష్టికి రాకపోవడమే ఈ శిక్షణలోని అసలు లోపం.

నాలుగో ఆదివారమే జరిగిన మరో సంగతి చెప్పకుండా ఉండలేను. ఒక అమ్మాయి మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేసింది. నెలల తరబడి తిండి సయించడం లేదని, ఉదయం లేవాలనిపించడం లేదని చెప్పింది. మేడమ్ ఆమెను దగ్గరకు తీసుకుని ఓదార్చారు, అది మంచిదే. కానీ అలాంటి స్థితికి ఆదివారం తరగతి చాలదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ప్రధాన కేంద్రంగా 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ అనే ఫోన్ సేవ 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా అందుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు, అవసరమైతే కౌన్సెలర్ నుంచి మానసిక వైద్య నిపుణుల దాకా పంపిస్తారు. ఆ నంబరు గోడ మీద ఉండాలి, నోటు పుస్తకం మొదటి పేజీలో ఉండాలి. రెండు చోట్లా లేదు. విరామంలో నేనే ఆ అమ్మాయికి రాసిచ్చాను.

అయిదో ఆదివారం అనుబంధాల గురించి. భార్యాభర్తలు, ప్రేమికులు, కోపం, క్షమాపణ అంటూ ఏ ఊరివాళ్లకైనా సరిపోయే మాటలు చెప్పారు. తల్లిదండ్రుల రుణం తీర్చుకోలేనిది అనే మాట మన ఇళ్లలో ప్రేమగానే అంటారు. బ్యాంకులో నిజంగా అప్పు ఉన్న పిల్లల చెవిలో అది ఎంత బరువుగా పడుతుందో ఎవరైనా మాట్లాడతారని ఎదురుచూశాను. మాట్లాడలేదు. ఆరో ఆదివారం ధ్రువపత్రాలు, ఫొటోలు, ఆ తరువాత 25,000 రూపాయల తదుపరి శిక్షణకు పేర్లు నమోదు చేసుకోవడం. ఈఎంఐకే వెతుక్కుంటున్న పిల్లలను మళ్లీ అంత మొత్తానికి, వాయిదాల పద్ధతిలో అయినా సరే, చేరమని అడగడం నాకు చాలా బాధ కలిగించింది.

నా పక్క కుర్చీ అబ్బాయి మూడో వారమే వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని బ్రాంచికి వెళ్లాడు. ఒక వాయిదా అప్పటికప్పుడు కట్టి, ఉద్యోగం లేదని అర్జీ రాసి, అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీ తెచ్చుకున్నాడు. ఆ కాగితాన్ని ఆకుపచ్చ నోటు పుస్తకంలోనే పెట్టుకుని మాకు చూపించాడు.

10,620 రూపాయలకు ఈ శిక్షణ విలువైనదా అంటే, మొత్తంగా కాదనే చెబుతాను. నాలుగో ఆదివారం ఒక్కదాన్ని విడిగా పెడితే వెయ్యి రూపాయలు కట్టి ఎవరైనా వెళ్లవచ్చు. నిర్వాహకులకు నాది ఒకటే విన్నపం. రెండో ఆదివారం ఆ నోటు పుస్తకాలు పక్కన పెట్టి, విద్యారుణాలు చూసిన అనుభవం ఉన్న విశ్రాంత బ్యాంకు అధికారిని ఒకరిని పిలిపించండి, ప్రతి ఒక్కరినీ తమ రుణపత్రం తెచ్చుకోమనండి. మా చెల్లెలు ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఉంది, దానికీ లోన్ ఉంది. మీరు ఆ మార్పు చేసిన రోజున దాన్ని నేనే వెంటబెట్టుకుని వచ్చి చేర్పిస్తాను.